తెల్లచీరలో నేను, పెట్టెలో క్రిస్టీ అంకుల్

మీరు ఏదైనా తింటూ ఇది చదువుతుంటే ముందు నోట్లోది మింగెయ్యండి. తరువాత పొలమారిందని నన్ను తిట్టుకోవద్దు. నేను చెప్పబోయేది నా పరువు పోయిన వైనం. అందరికీ పోయినట్టు అదేదో కాలుజారి పోయింది కాదండీ. మొహానికి పౌడరు కొట్టుకుని, జుట్టు విరబోసుకుని, వరసలో నా వంతు వచ్చేదాకా నిలబడి మరీ పోగొట్టుకున్నాను.

నాకు చిన్నప్పట్నుంచీ ఒక జబ్బుంది. ఆగలేను. లిఫ్టు మీట ఒక్కసారి నొక్కి ఊరుకోలేను. ఇడ్లీ ఉడికిందో లేదో అని మూత తీసి తీసి దాన్ని ఉడకనివ్వను. పెళ్ళిచూపుల్లో వాళ్ళింకా కాఫీ కప్పు ముట్టుకోకముందే "నాకిష్టమేనండీ" అనేశాను. మా అమ్మ ఆ మాట తలుచుకుని ఇప్పటికీ తల కొట్టుకుంటుంది. మా ఆయన మాత్రం పొంగిపోయాడు. అది ఆయన అందం చూసి అన్నమాట అనుకున్నాడు పాపం.

అలాంటిదాన్ని మా ఆయన వెనకాల ఐర్లండ్ వచ్చి, కార్క్ పక్కన బాలింకాలిగ్‌లో ఒక అద్దె ఇంట్లో దిగాను. దిగింది నవంబరు మూడో తారీకున. వీధిలో ప్రతి గుమ్మం ముందూ ఒక గుమ్మడికాయ. దానికి కళ్ళు, పళ్ళు చెక్కి ఉన్నాయి. వానకి నాని లోపలికి కుంగిపోయి ఉన్నాయి. నేను అవి చూసి, "పర్వాలేదండీ, వీళ్ళూ దిష్టి తీసుకునేవాళ్ళే" అని మా ఆయనతో అన్నాను. మనసు కాస్త కుదుటపడింది కూడా.

అది దిష్టి కాదని చెప్పింది పక్కింటి క్రిస్టీ అంకుల్. డెబ్భై దాటిన మనిషి, ఒకప్పుడు బస్సు డ్రైవరు. పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాదు కాబట్టి మొదటిరోజే అంకుల్ అన్నాను. ఆయన ఆ పిలుపుకి ఎంత మురిసిపోయాడంటే, వాళ్ళావిడని కేకేసి, "నోరీన్, ఇవాళ్టి నుంచి నువ్వు ఆంటీవి" అని చెప్పాడు.

"మొన్న ముప్పై ఒకటినే అయిపోయింది హాలోవీన్, మా దయ్యాల పండగ. మూడురోజులు ముందొస్తే చూసేదానివి" అన్నాడు అంకుల్.

"ఏం చూసేదాన్ని?"

ఆయన నన్ను గ్యారేజీలోకి తీసుకెళ్ళాడు. అక్కడ గోడకి నిలబెట్టి ఒక శవపేటిక ఉంది. ప్లైవుడ్‌తో తనే చేసుకున్నాడట. నలభై ఏళ్ళుగా ప్రతి హాలోవీన్‌కీ గ్యారేజీని దయ్యాల ఇల్లు చేసి, మొహానికి మైదాపిండి పూసుకుని అందులో పడుకుంటాడు. వీధి పిల్లలు ఒక్కొక్కరే వచ్చి వంగి చూస్తారు. అందరిలోకీ ధైర్యం ఉన్నవాడు మొహం మీదికి వంగేదాకా ఊపిరి బిగబట్టి ఉండి, అప్పుడు లేస్తాడు. ఆ రకంగా ఆయన భయపెట్టిన పిల్లలు పెద్దవాళ్ళై, ఇప్పుడు తమ పిల్లల్ని తీసుకొస్తున్నారట.

"వచ్చే ఏడు నేనూ ఉంటానంకుల్. నన్నూ దయ్యాన్ని చేయండి."

"దానికింకా ఏడాది ఉంది పద్మా."

"పర్వాలేదు, ఆగుతాను."

"నీ మొహం చూస్తే ఆగే మనిషిలా లేవు" అన్నాడు ఆయన. ఒక్క పరిచయంలోనే మనిషిని చదివేశాడు.

ఇక్కడ మీకో మాట చెప్పాలి, లేకపోతే తరువాత జరిగినదానికి నేనెందుకంత కుమిలిపోయానో మీకర్థం కాదు. మా ఆయనది మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం, ఎప్పుడూ రాత్రి షిఫ్టే. పగలంతా చెవుల్లో దూది పెట్టుకుని పడుకుంటాడు. నాకింకా ఉద్యోగం రాలేదు. తెలిసినవాళ్ళు లేరు. వానొకటి, ఆగి ఆగి ఏడిపించేది. ఆ రోజుల్లో తలుపు తట్టకుండా, ఫోను చేయకుండా నేను పోగలిగిన ఇల్లు ఆ ఊరు మొత్తంమీద క్రిస్టీ అంకుల్‌ వాళ్ళదొక్కటే. వంటింటి తలుపు తోసుకుని వెళ్తే నోరీన్ ఆంటీ మాట్లాడకుండా ప్రెస్‌లోంచి ఇంకో కప్పు తీసేది. కప్పులూ గిన్నెలూ పెట్టుకునే అలమరని అక్కడ ప్రెస్ అంటారు. ఆ కప్పు నాదని నాకు గట్టి నమ్మకం.

సరే, ఏడాది ఎలా గడిపానో చెప్తాను. జనవరిలో అడిగాను, ఈ ఏడు గ్యారేజీలో నేనెక్కడ నిలబడాలని. ఫిబ్రవరిలో దయ్యం అరుపు ప్రాక్టీసు చేశాను. పగటినిద్రలో ఉన్న మా ఆయన మంచం మీంచి పడ్డాడు. మేలో పెరట్లో గుమ్మడి గింజలు నాటి, రోజూ వేలితో తవ్వి మొలకొచ్చిందా అని చూశాను. నేను వదిలేసిన నాలుగు మొక్కల్ని నత్తలు తినేశాయి. జూన్ నుంచి వీధివాళ్ళ వాట్సాప్ గ్రూపులో ప్రతి పొద్దునా హాలోవీన్‌కి ఇంకా ఎన్ని రోజులుందో పెట్టడం మొదలుపెట్టాను. మొదటి వారం బొటనవేళ్ళు వచ్చాయి. రెండోవారం ఎవరూ ఏమీ అనలేదు.

జూలైలో మా అమ్మకి ఫోన్ చేశాను.

"అమ్మా, ఒక తెల్లచీర పంపించవే. అంచు కూడా ఉండకూడదు."

అమ్మ గొంతు తగ్గించి, "అల్లుడుగారు బాగున్నారా?" అంది.

"బాగానే ఉన్నారు, పడుకున్నారు."

"పడుకున్నారంటే?"

"నిద్రపోతున్నారే. చీర నాకు దయ్యం వేషానికి."

"నోర్ముయ్. మూడుముళ్ళు పడి రెండేళ్ళు కాలేదు, తెల్లచీరట" అని ఫోన్ పెట్టేసింది. చివరికి నేనే ఇక్కడ మంచం మీద పరిచే తెల్లటి కాటన్ దుప్పట్లు రెండు కలిపి కుట్టుకున్నాను.

ఇక ఆగస్టు ఒకటో తారీకున నోరీన్ ఆంటీ మాటల్లో మాటగా, "ఇవాళ్టి నుంచి మాకు శరత్కాలం" అంది. బయట ఎండ కాస్తోంది, పిల్లలు ఐస్‌క్రీమ్ తింటున్నారు. అయినా ఐర్లండ్ లెక్కలో ఆగస్టంటే శరత్తేనట, బడిలో పాఠం కూడా అలాగే చెప్తారట. నాకింకేం కావాలి? సాయంత్రానికల్లా మా గుమ్మానికి సాలెగూడు, కిటికీకి ఎముకల గూడు. పోస్ట్‌మ్యాన్ ఉత్తరాలు గేటు దగ్గరే పడేసి పోవడం మొదలుపెట్టాడు. నేను ఆ ఫోటోలన్నీ గ్రూపులో పెట్టాను. పద్నాలుగో నంబరు ఇంటావిడ, "పద్మా, అక్టోబరు దాకా మమ్మల్ని కాస్త ఊపిరి పీల్చుకోనిస్తావా?" అని రాసింది. దాని కింద ఇరవై బొటనవేళ్ళు.

నాకు రోషం వచ్చింది. గ్రూపు నోరు నొక్కేశాను. మళ్ళీ తెరిచి చూడకూడదని ఒట్టేసుకున్నాను. నా జీవితంలో నేను నిలబెట్టుకున్న ఒట్టు అదొక్కటే, అదే నా కొంప ముంచింది.

సెప్టెంబరులో నాకు వైద్యపరికరాలు చేసే ఒక కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది. అక్టోబరు మొదట్లో క్రిస్టీ అంకుల్ గ్యారేజీలో నాకు పరీక్ష పెట్టాడు. తెల్లచీర కట్టి, జుట్టు వదిలి, రెండు చేతులూ చాపి ఊగిపోయాను.

"బాగుంది. కానీ తొందరపడుతున్నావు" అన్నాడు. "దయ్యానికి అరుపు ముఖ్యం కాదు పద్మా, ఓపిక ముఖ్యం. వాళ్ళే దగ్గరికి రావాలి. నువ్వు కదలకూడదు."

"ఎంతసేపు కదలకూడదు?"

"వాళ్ళకి నువ్వు నిజంగా పోయావేమో అని అనుమానం వచ్చేదాకా."

"మరి ముప్పై ఒకటిన నేనేనా తలుపు దగ్గర?"

"నువ్వే. గ్రాండ్" అన్నాడు. ఆ దేశంలో గ్రాండ్ అన్నారంటే మాట ఖాయమైనట్టు. ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు.

ఇంతలో ఆఫీసువాళ్ళు మూడురోజుల ట్రైనింగని డబ్లిన్ దగ్గర క్లాండాల్కిన్ పంపించారు. సోమవారం వెళ్ళాను, బుధవారం నాలుగున్నరకి బస్సు దిగి మా వీధి మలుపు తిరిగాను.

క్రిస్టీ అంకుల్‌ ఇంటి ముందు రెండువైపులా కార్లు. తలుపు బార్లా తీసి ఉంది. కిటికీలకి తెరలు దించారు, సందుల్లోంచి కొవ్వొత్తుల వెలుగు. గేటు దగ్గర నల్లకోట్లు వేసుకున్న మగవాళ్ళు పదిమంది నిలబడి సిగరెట్లు కాలుస్తూ, ఏదో చెప్పుకుని నవ్వుతున్నారు. నల్లగౌన్లు వేసుకున్న ఆడవాళ్ళు పళ్ళేలనిండా శాండ్‌విచ్‌లు పట్టుకుని లోపలికి పోతున్నారు.

మొదలెట్టేశారు. నేను లేకుండా, నాలుగురోజులు ముందే మొదలెట్టేశారు.

నిజం చెప్తున్నానండీ, నాకు ఏడుపొచ్చింది. గ్రూపులో నా గోల భరించలేక, నేను ఊళ్ళో లేనిది చూసుకుని కానిచ్చేస్తున్నారు అనుకున్నాను. ఏడాది ఎదురుచూసింది నేను. తలుపు దగ్గర చోటు నాది. దాన్ని ఎవరికో ఇచ్చేసి ఉంటారు. ఆ ఉక్రోషంలో ఇంట్లోకి పరిగెత్తి పదినిమిషాల్లో తయారైపోయాను. తెల్లచీర. జుట్టు విరబోసి ముందుకేసుకున్నాను. మొహానికి డబ్బాలో ఉన్న పౌడరంతా. కళ్ళచుట్టూ కాటుక చెంపల దాకా. కళ్ళలో నీళ్ళు ఎలాగూ ఉన్నాయి, కాటుక దానంతటదే కారింది. మా ఆయన పైన గురక పెడుతున్నాడు. నేను మధ్యనున్న పొదల కంచె దూకేసి వాళ్ళ వాకిట్లో పడ్డాను.

గేటు దగ్గర నవ్వులు ఆగిపోయాయి. అందరూ పక్కకి తప్పుకుని దారిచ్చారు. ఒకాయన టోపీ తీశాడు. వేషం అదిరిందన్నమాట అనుకున్నాను.

లోపల అద్దం మీద గుడ్డ కప్పారు. గోడగడియారం ఆపేశారు. ఈ ఏడు అంకుల్ ఎంత శ్రద్ధ పెట్టాడో అనుకుని నా అలక సగం తీరిపోయింది. ముందుగదిలో జనం వరసగా నిలబడి, కుర్చీల్లో కూర్చున్న ఆంటీ వాళ్ళ చేతులు పట్టుకుని, తలొంచి, "సారీ ఫర్ యువర్ ట్రబుల్" అంటూ ముందుకు కదులుతున్నారు. ఇది ఈ ఏడాది ఆటలో కొత్త డైలాగు కాబోలు. నా వంతు రాగానే ఆంటీ చెయ్యి పట్టుకుని, ఫిబ్రవరి నుంచి సాధన చేసిన దయ్యం గొంతుతో, సాగదీసి, వణికించి, అదే మాట అన్నాను.

ఆంటీ నన్ను పైనించి కిందిదాకా చూసింది. ఒక్కసారిగా దగ్గరికి లాక్కుని గట్టిగా పట్టుకుంది. ఆమె వెనకాల ఎవరో పక్కవాళ్ళకి చెప్తున్నారు, "వాళ్ళ దేశంలో ఎవరైనా పోతే తెల్లబట్టలే కడతారు. క్రిస్టీ కోసం వాళ్ళ పద్ధతిలో వచ్చింది చూడు పాపం."

ఆ మాట నా చెవిన పడింది. పడింది కానీ బుర్రకెక్కలేదు. ఎందుకంటే నా చూపు పెట్టె మీదుంది. ఈసారి ప్లైవుడ్ కాదు, పాలిష్ పెట్టిన చెక్క, ఇత్తడి పిడులు. అందులో క్రిస్టీ అంకుల్ మంచి సూటు వేసుకుని, చేతుల్లో జపమాల పెట్టుకుని, తెల్లగా పడుకుని ఉన్నాడు.

నేను వంగాను.

"అంకుల్, వచ్చేశాను" అన్నాను గుసగుసగా.

ఆయన కదల్లేదు. ఓపిక కదా, గురువుగారు పాఠం చెప్తున్నారు అనుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నేనూ ఓపిక పట్టాను. రెప్ప కూడా వెయ్యకుండా చూశాను. ముక్కు కదలదు, పెదవి కదలదు. అబ్బ, ఏం నటన.

"అంకుల్, ఇక చాలు. వెనకాల జనం ఉన్నారు. లేవండి" అని చేతిమీద చిన్నగా గిల్లాను.

చెయ్యి ఫ్రిజ్‌లోంచి తీసిన పెరుగుగిన్నెలా చల్లగా ఉంది.

అప్పుడు అన్నీ ఒక్కసారి కనబడ్డాయి. మూలన నిలబడ్డది ఫాదరు వేషం కాదు, నిజంగా ఫాదరే. గుడ్డ కప్పిన అద్దం, ఆపిన గడియారం, ఆ "సారీ" డైలాగు, అన్నీ చావు జరిగిన ఇంట్లో వాళ్ళు పాటించే పద్ధతులే. ఆంటీ కళ్ళు ఉబ్బి ఉన్నాయి. బల్లమీద అంకుల్ ఫోటో, దాని ముందు కొవ్వొత్తి. మనవైపు ఇంట్లో మనిషి పోతే పొయ్యి వెలగదు, ఎవరూ నవ్వరు, శవాన్ని నేలమీద పడుకోబెడతారు. నవ్వుతూ, శాండ్‌విచ్‌లు తింటూ, పోయినాయన కబుర్లు చెప్పుకుంటూ సాగనంపే చావు ఒకటి ఉంటుందని నాకెవరు చెప్పారు? చెప్పే ఉంటారు. ఆ గ్రూపులో సోమవారం రాత్రే చెప్పి ఉంటారు.

నా నోట్లోంచి ఒక కేక వచ్చింది. సాధన చేసింది కాదు. మోకాళ్ళమీద కూలబడి, పెట్టె అంచు పట్టుకుని, "అంకుల్, నన్నొదిలేసి పోయావా, తలుపు దగ్గర నిలబెడతానని మాటిచ్చి పోయావా" అని తెలుగులో రాగం తీసి, తల కొట్టుకుంటూ ఏడ్చాను. సిగ్గుకి సగం, దుఃఖానికి సగం. ఏది ఎక్కువో నాకే తెలియలేదు.

కాసేపటికి మూలన కుర్చీలో ఉన్న ఒక తొంభై ఏళ్ళ ముసలమ్మ, ఆంటీకి పిన్ని అవుతుందట, కళ్ళు తుడుచుకుంటూ అంది, "మా నాయనమ్మ కాలంలో చావు జరిగిన ఇళ్ళకి వచ్చి ఇలాగే రాగం తీసి ఏడ్చే ఆడవాళ్ళుండేవారట. ఆ పద్ధతి పోయింది. ఇన్నాళ్ళకి నా చెవులారా విన్నాను."

అంతే, నేను దేవతనైపోయాను. నన్ను లేవదీసి కుర్చీ వేశారు. టీ ఇచ్చారు. ఫాదరుగారు స్వయంగా గుడ్డు శాండ్‌విచ్ తెచ్చిపెట్టి, "మీ సంప్రదాయం చాలా గొప్పది" అన్నారు. పౌడరు టీలో రాలుతుంటే తలొంచుకుని తాగాను. మర్నాడు చర్చికి కూడా ఆ బట్టల్లోనే రమ్మన్నారు. కుట్టిన దుప్పట్లని వాళ్ళకేం తెలుసు?

ఇంటికొచ్చేసరికి మా ఆయన నిద్రలేచి హాల్లో ఉన్నాడు. నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"నేనింకా బతికే ఉన్నాను కదే. ఈ అవతారమేంటి?"

"క్రిస్టీ అంకుల్ పోయారండీ."

"అయ్యయ్యో. అయితే మాత్రం ఆయనకి నువ్వెందుకు తెల్లచీర కట్టావు?"

చెప్పాను. ఆయన నవ్వలేదు, అది గొప్ప. "ముందు తలమీద నీళ్ళు పోసుకో. తరువాత వెళ్ళి ఆవిడకి నిజం చెప్పు" అన్నాడు.

నీళ్ళు పోసుకున్నాను. నిజం చెప్పలేకపోయాను. మర్నాడు మళ్ళీ అవే దుప్పట్లు కట్టుకుని చర్చికి వెళ్ళాను. ఆంటీ నన్ను తన పక్కనే నడిపించుకుంది. పద్నాలుగో నంబరావిడ నా చెయ్యి పట్టుకుని క్షమించమంది. వాళ్ళు మర్యాద చేసినకొద్దీ నేను లోపల చచ్చిపోతున్నాను. ఈవిడకి నిజం తెలిసిందంటే ఆ వంటింటి తలుపు నాకిక తెరుచుకోదు. చెప్పకపోతే నేను ఆ ఇంట్లో కూర్చుని టీ తాగలేను. ఇదీ నా పరిస్థితి. గ్యారేజీ తాళం వేసే ఉంది. హాలోవీన్ కూడా వచ్చి పోయింది, నేను తలుపు వేసుకుని ఇంట్లోనే ఉన్నాను. ఏడాదంతా ఎదురుచూసిన రోజు ఎప్పుడు పోతుందా అని ఎదురుచూశాను.

మర్నాడు పొద్దున్నే నోరీన్ ఆంటీయే మా తలుపు తట్టింది.

"నాలుగు రోజులైంది, మా ఇంటికి రావడం మానేశావేం?"

గుమ్మంలోనే నిలబెట్టి చెప్పేశాను. గ్రూపు నోరు నొక్కిన సంగతి, నల్లకోట్లు చూసి పడ్డ ఉక్రోషం, దుప్పట్లు, పౌడరు, ఆయన్ని లేవమని గిల్లడం, అన్నీ. చెప్పి నేల చూపులు చూస్తూ, "నా ఏడుపు మాత్రం నిజమే ఆంటీ. నన్ను మీ ఇంటికి రావద్దంటే రాను" అన్నాను.

ఆంటీ మెట్టుమీద కూర్చుండిపోయింది. భుజాలు కదులుతున్నాయి. ఏడిపించానే అనుకుని నేనూ పక్కన కూలబడ్డాను. చూస్తే ఆమె నవ్వుతోంది. కళ్ళనీళ్ళు కారుతూ, ఊపిరాడక, నా మోకాలు పట్టుకుని నవ్వుతోంది.

"పద్మా," అంది చివరికి, "మా ఆయన నలభై ఏళ్ళపాటు పెట్టెలోంచి లేచి జనాన్ని భయపెట్టాడు. లేవకుండా భయపెట్టింది నిన్నొక్కదాన్నే."

కొంగుతో మొహం తుడుచుకోబోయి నాకు కొంగు లేదని గుర్తొచ్చి, ఆమె చేతిరుమాలే లాక్కున్నాను.

కాబట్టి పాఠకమహాశయులారా, మీ అందరి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఎంత ఆత్రం ముంచుకొచ్చినా, పెట్టెలో పడుకున్న మనిషిని లేవమని గిల్లేముందు, ఆయన లేచే ఉద్దేశంలో ఉన్నాడో లేడో ఆ ఇంటివాళ్ళని ఒక్కమాట అడిగి తెలుసుకుంటాను.